వానకు లెక్క కట్టిన మనిషి – సర్ గిల్బర్ట్ వాకర్

(తృతీయ సంవత్సరం బి.యస్సీ.)

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కొందరి పేర్లు అందరి నోళ్ళలోనూ నానుతుంటాయి. న్యూటన్, ఐన్‌స్టీన్, మన రామన్ గార్ల పేర్లు వినని విద్యార్థి ఉండడు. మరికొందరి పేర్లు వారు చేసిన పనిలోనే కలిసిపోయి ఉంటాయి. ప్రతి సంవత్సరం ఏప్రిల్ నెలలో వాతావరణ శాఖవారు ఆ యేడు రుతుపవనాలు ఎలా ఉండబోతాయో ప్రకటిస్తారు. ఎల్‌నినో వస్తోందట, వానలు తక్కువట అని పత్రికలు రాస్తాయి. ఈ మధ్య పల్లెల్లో రచ్చబండ దగ్గర కూడా ఎల్‌నినో మాట వినబడుతోంది. ఆ మాటను మన వానతో ముడిపెట్టడానికి దారి వేసిన మహనీయుడు సర్ గిల్బర్ట్ వాకర్. వాతావరణ శాస్త్రజ్ఞుల లోకంలో ఆయన పేరు ఎరుగనివారు లేరు. ఇరవై సంవత్సరాలు మన దేశంలో ఉండి మన వాన గురించే ఆలోచించినవాడు. అట్టివాని జీవితాన్ని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

ఇంతమంది ఉండగా ఈయననే ఎందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడగవచ్చు. మాది సేద్యపు కుటుంబం. పుంగనూరు వైపు వానను నమ్ముకున్న చేలు మావి. మా ఇంట్లో వాన మాట లేకుండా పొద్దు గూకదు. కాలేజీలో మాత్రం వాన ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు ఎంత వేడి పుచ్చుకుంటుందో ఫిజిక్సులో చెబుతారు. బొగ్గుపులుసు వాయువు లక్షణాలు కెమిస్ట్రీలో చెబుతారు. ఆకులు ఆ వాయువును పీల్చుకునే తీరు బాటనీవారిది. కరువుల కథ హిస్టరీవారిది, ధరల కథ ఎకనామిక్సువారిది, సగటులు స్టాటిస్టిక్సువారివి. పర్యావరణ విద్య అని అందరికీ కలిపి ఒక పేపరు ఉంది. 1991లో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట దేశమంతటా వచ్చినది అది. దాన్ని పరీక్షకు ముందు రోజు గైడులో చూసుకుని పాసైపోయేవాళ్ళమే ఎక్కువ. ఈ ముక్కలన్నీ కలిస్తేనే గదా మా చేని మీద పడే వాన అయ్యేది! వాకర్ జీవితం చదివిన మీదట నాకు తెలిసింది ఏమంటే, వాన ఏ ఒక్క డిపార్టుమెంటు ఆస్తీ కాదు. ఆయన దాని గుట్టు కొంతైనా పట్టగలిగినది ఒకే శాస్త్రానికి కట్టుబడి కూర్చోనందువల్లనే.

కరువు కన్న శాఖ

ఆయన కథకు ముందు మన కథ కొంత చెప్పుకోవాలి. 1876లో దక్షిణదేశంలో వానలు తప్పిపోయినాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేది లేదు, అది 1911లో ఏర్పడింది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు ఒక జమీ, కుప్పం కంగుంది జమీలోది, రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాకు చేరినవి. కడప, బళ్ళారి, కర్నూలు, ఉత్తర ఆర్కాటు జిల్లాలన్నీ ఆ కరువు వాత పడ్డాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దేశం మొత్తం మీద యాభై లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. వాన లేక పైరు ఎండిపోవడం ఒక కారణం. జనం ఆకలితో చస్తున్నా ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉండడం ఇంకొక కారణం. మొదటిది వాతావరణ శాస్త్రం, రెండవది చరిత్ర, అర్థశాస్త్రం. రెండూ పక్కపక్కన పెట్టి చదవనిదే ధాత కరువు అర్థం కాదు.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. ఏర్పడిన మరుసటి ఏడే ఈ కరువు వచ్చి పడింది. వానలు ఎలా ఉండబోతాయో ముందుగా చెప్పగలిగితే కరువుకు సిద్ధపడవచ్చునని ప్రభుత్వానికి అప్పుడు తోచింది. హిమాలయాల మీద మంచు ఎక్కువగా పడిన ఏడు వానలు తగ్గుతాయని బ్లాన్‌ఫర్డ్ గమనించి, 1880 దశకంలో అంచనాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన తరువాత వచ్చిన సర్ జాన్ ఇలియట్ ఆ పని పెంచాడు. అయితే 1899లో వానలు బాగుంటాయని ఇలియట్ అంచనా వేస్తే, ఆ యేడే ఉత్తర, పశ్చిమ భారతాల్లో ఘోరమైన కరువు వచ్చింది. శాఖ పరువు పోయింది. ఇలియట్ పదవి విరమించేటప్పుడు ఆయన స్థానంలోకి వాతావరణం ఎరిగినవాణ్ణి గాక ఒక గణితవేత్తను తీసుకువచ్చారు. ఆ గణితవేత్తే మన వాకర్.

బాల్యం, విద్యాభ్యాసం

గిల్బర్ట్ థామస్ వాకర్ 1868 జూన్ 14వ తేదీన ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఇంజనీరు. తరువాత కుటుంబం లండను దాపునున్న క్రాయిడన్‌కు మారింది. లండనులోని సెయింట్ పాల్స్ స్కూలులో చదివి, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. 1889లో గణిత పరీక్షలో విశ్వవిద్యాలయానికే మొదటివాడుగా నిలిచాడు. అలా నిలిచినవారిని అక్కడ సీనియర్ రాంగ్లర్ అంటారు. అంతగా చదివిన చదువుకు ఆరోగ్యం దెబ్బతిన్నది. వరుసగా మూడు చలికాలాలు స్విట్జర్లాండులో గడపవలసి వచ్చింది. ఊరికే కూర్చోక అక్కడ మంచు మీద జారే స్కేటింగు నేర్చుకున్నాడు.

1891లో ట్రినిటీలో ఫెలో అయ్యాడు, 1895 నుండి అక్కడే పాఠాలు చెప్పాడు. విద్యుదయస్కాంత సిద్ధాంతం మీద పరిశోధనలు చేశాడు. అంతటి గణితవేత్తకు ఒక వింత సరదా ఉండేది. ఆస్ట్రేలియా ఆదివాసుల బూమరాంగు, విసిరితే తిరిగి మన దగ్గరికే వచ్చే వంకర కర్ర, కేంబ్రిడ్జి పచ్చిక మైదానాల్లో విసురుతూ ఉండేవాడు. దాని కదలిక మీద శాస్త్రీయమైన వ్యాసాలే రాశాడు. స్నేహితులు ఆయనకు బూమరాంగు వాకర్ అని పేరు పెట్టారు. ఎగిరేది ఏదైనా, తిరిగేది ఏదైనా దాని వెనుక లెక్క ఏమిటో చూడనిదే ఆయనకు తోచేది కాదు. ఈ గుణమే తరువాత ఆయన్ను గాలికి, వానకు దగ్గర చేసిందనుకోవచ్చు. 1904లో రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యునిగా ఎన్నుకుంది.

సిమ్లాలో కొత్త విద్య

1904లో, తన ముప్పయ్యయిదవ యేట, ఆయన భారతదేశంలో అబ్జర్వేటరీల డైరెక్టర్ జనరల్‌గా బాధ్యత తీసుకున్నాడు. మరుసటి సంవత్సరం శాఖ ప్రధాన కార్యాలయం కలకత్తా నుండి సిమ్లాకు మారింది. వాతావరణ శాస్త్రం ఆయన కాలేజీలో చదివినది కాదు. అందుచేత మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. అయితే తెలియకపోవడంలో ఒక మేలు కూడా ఉంది. పాతవారు వేసిన గీతల్లోనే నడవాలనే నిర్బంధం ఉండదు.

సూత్రాలు పట్టుకుని కాగితం మీద వానను రాబట్టడం ఆనాడు అసాధ్యం. గాలి కదలికల సమీకరణాలు చేతితో విడిపోయేవి కావు. కాబట్టి వాకర్ వేరే దారి పట్టాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడ వానలు, గాలి పీడనం, వేడి, నదుల వరదలు కొలిచి రాసిపెట్టారో ఆ లెక్కలన్నీ తెప్పించాడు. మారిషస్‌లో గాలి పీడనం, దక్షిణ అమెరికాలో పీడనం, ఆఫ్రికా తీరాన జాంజిబారులో వాన, నైలు నది వరద, హిమాలయాల మంచు, ఇలా వచ్చిన ప్రతి వరుసనూ మన వాన వరుసతో పోల్చి చూశాడు.

దీనికి వాడిన సాధనం సహసంబంధ గుణకం. స్టాటిస్టిక్సు చదివే మిత్రులకు ఇది తెలిసినదే. తక్కినవారికి మన భాషలో చెబుతాను. పుంగనూరులో వాన ఎక్కువైన ఏడు మదనపల్లెలో కూడా ఎక్కువై, తగ్గిన ఏడు తగ్గుతూ వచ్చిందనుకోండి. రెండూ జోడెద్దుల్లా నడుస్తున్నట్టు. అప్పుడు గుణకం ఒకటికి దగ్గరగా వస్తుంది. ఒకటి పెరిగినప్పుడు రెండవది తగ్గుతూ వస్తే మైనస్ ఒకటికి దగ్గరగా వస్తుంది. రెండింటికీ పొత్తు లేకపోతే సున్న దాపుల ఉంటుంది. ఇప్పుడు కంప్యూటరు క్షణంలో చేసే ఈ లెక్కను ఆనాడు వేల కొద్దీ సార్లు చేతితో చేయవలసి వచ్చింది. చేసింది ఎవరనుకున్నారు? ఆఫీసులోని మన భారతీయ గుమాస్తాలు. కీర్తి దొరగారికి దక్కింది గాని కూడికలు, హెచ్చవేతలు వారివి. వారిని కూడా మనం తలుచుకోవాలి.

1909, 1910 ప్రాంతంలో ఆయన ఒక సూత్రం తయారుచేశాడు. హిమాలయాల మంచు, మారిషస్ పీడనం, దక్షిణ అమెరికా పీడనం, జాంజిబారు వాన, ఈ నాలుగింటి నుండి భారతదేశపు రాబోయే వానను అంచనా వేసే సూత్రమది. మన చేని వానకు దక్షిణ అమెరికాతో ఏమి పని అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆనాటి పండితులకూ అలాగే అనిపించింది.

పని మధ్యలో పాత సరదాలు మానలేదు. సిమ్లా కొండల మీద బూమరాంగు విసిరేవాడు. పెద్ద పక్షులు రెక్క ఆడించకుండా గాలిలో పైపైకి ఎలా తేలుతాయో గమనించి, ఆ విషయం మీద కూడా రాశాడు. 1908లో మే కాన్‌స్టెన్స్ కార్టర్‌ను వివాహమాడాడు. వారికి ఒక కొడుకు, ఒక కూతురు.

వాతావరణం మారిందా?

ఇప్పుడు మనకు అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టానికి వస్తున్నాను. పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాల్లోను, ఇరవయ్యవ శతాబ్దం మొదట్లోను దేశంలో చాలాచోట్ల వానలు తగ్గినాయి. కాలం మారిపోయింది, ఇక పూర్వపు వానలు రావు అని జనం అనుకోసాగారు. అడవులు కొట్టివేయడం వలన అని కొందరు, కాలువలు తవ్వడం వలన అని కొందరు వాదించారు. వాకర్ ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేదు. జనం అన్నారు కాబట్టి నమ్మనూ లేదు. ఉన్న రికార్డులన్నీ ముందు వేసుకుని పరిశీలించి 1910లో ఒక నివేదిక ప్రకటించాడు. భారతదేశ వాతావరణం శాశ్వతంగా మారిందనడానికి ఆనాటి లెక్కల్లో చాలినంత సాక్ష్యం లేదని దాని సారాంశం. కొన్ని ఏండ్లు వానలు తగ్గడం, మళ్ళీ పెరగడం వేరు; వాతావరణమే మారడం వేరు అని ఆయన తేల్చాడు.

నూరేండ్లకు పైబడిన ఆ నివేదికను పట్టుకుని, చూశారా, వాతావరణ మార్పు అంతా వట్టిదేనని పెద్దాయన ఎప్పుడో చెప్పాడు అనేవారు ఉండవచ్చు. అది ఆయన పద్ధతి కాదు. ముందు కొలవాలి, తరువాత మాట్లాడాలి అన్నదే ఆయన పద్ధతి. దాని ప్రకారమే ఇప్పుడు కొలిచి చూద్దాం. 1901 నుండి 2018 మధ్య భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖవారు 2020లో ప్రకటించిన గ్రంథం చెబుతోంది. 1951 నుండి 2015 మధ్య నైరుతి రుతుపవనాల వాన సుమారు 6 శాతం తగ్గిందని కూడా అందులోనే ఉంది. హవాయి దీవుల్లోని మౌనాలోవా కొండ మీద గాలిలోని బొగ్గుపులుసు వాయువును 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ళలో సుమారు 315 పాళ్ళు ఉండేది. 2024 సగటు 424 దాటింది. బొగ్గు కాల్చడం వలన ఈ వాయువు పెరిగి భూమి వేడెక్కగలదని స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆర్హీనియస్ 1896లోనే లెక్క కట్టాడు. వాకర్ నివేదిక నాటికి దాన్ని సాక్ష్యంతో రుజువు చేసే కొలతలు లేవు. ఇప్పుడు ఉన్నాయి. పద్ధతి అదే, జవాబు మారింది. మారిన జవాబును ఒప్పుకోవడమే ఆయన్ను గౌరవించడం.

భూగోళానికొక తక్కెడ

ఇన్ని వందల జతలను పోల్చేటప్పుడు ఒక ప్రమాదం ఉందని వాకర్ స్వయంగా గుర్తించాడు. నూరు వరుసలు తెచ్చి పోలిస్తే వాటిలో ఒకటో రెండో కేవలం కాకతాళీయంగా కలుస్తాయి. కాకి వాలడం, తాటిపండు రాలడం మనకు తెలిసిన న్యాయమే గదా. ఎంత గట్టి పొత్తు కనబడితే దాన్ని నిజమని నమ్మాలో 1914లో ఆయన ఒక పరీక్ష సూచించాడు. తన సూత్రాలనే అనుమానించే ధైర్యం అందరికీ ఉండదు.

అనుమానపు జల్లెడ పట్టగా మిగిలిన వాటిలో ఒకటి అద్భుతమైనది. పసిఫిక్ మహాసముద్రంలో గాలి పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రంలో, ఇండోనేసియా, ఉత్తర ఆస్ట్రేలియాల వైపు తగ్గుతుంది. ఇక్కడ పెరిగితే అక్కడ తగ్గుతుంది. మన కిరాణా కొట్టు తక్కెడ లాగా ఒక సిబ్బి లేస్తే ఒక సిబ్బి దిగుతుంది, అయితే దీని కాడ పొడవు వేల మైళ్ళు. 1920 దశకంలో ప్రకటించిన వ్యాసాల్లో దీనికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. ఉత్తర అట్లాంటిక్‌లో ఒకటి, ఉత్తర పసిఫిక్‌లో ఒకటి ఇటువంటివే ఉన్నాయని కూడా చూపాడు. భారతదేశపు వాన ఈ దక్షిణపు తక్కెడకు కట్టి ఉందన్నది ఆయన నిర్ణయం.

ఇది ఎందుకు జరుగుతుందో మాత్రం ఆయనకు తెలియదు. తెలియదని ఒప్పుకున్నాడు కూడా. ఆయన సూత్రాలు అన్ని ఏండ్లూ నిలబడలేదు. అందుకే రాబోయే కాలం గురించి చెప్పేదాన్ని జోస్యం అనడం ఆయనకు ఇష్టం లేదు. ముందుగా పడే నీడ అనే అర్థం వచ్చే మాటను వాడడమే మేలనుకున్నాడు. నీడను బట్టి మనిషి వస్తున్నాడని తెలుస్తుంది గాని మొగం తెలియదు.

ఆయన చేసిన మరొక మేలు చెప్పాలి. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్న ప్రశాంత చంద్ర మహలనోబిస్ అనే యువకునికి వాతావరణ సమస్యల మీద లెక్కలు చేయమని పని అప్పగించాడు. 1922లో మహలనోబిస్ ఆలీపూరు అబ్జర్వేటరీలో వాతావరణ శాస్త్రజ్ఞునిగా కూడా చేరాడు. ఆ మహలనోబిసే 1931లో భారత గణాంక సంస్థను స్థాపించినవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో ఆ సంస్థకు వెళ్ళి జగత్ప్రసిద్ధుడైన మన తెలుగువాడు సి.ఆర్. రావు గారు. ఒక గణితవేత్త వాన దగ్గరికి వస్తే, ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు లెక్కల దగ్గరికి వచ్చాడు, ఆ లెక్కల గూటికి మన తెలుగు విద్యార్థి చేరాడు. గోడలు దాటినవాళ్ళ వరుస ఇది.

చివరి రోజులు

1924లో ఆయనకు సర్ బిరుదు లభించింది. ఆ సంవత్సరమే భారతదేశంలో పదవి విరమించి, లండనులోని ఇంపీరియల్ కాలేజీలో వాతావరణ శాస్త్ర ఆచార్యుడుగా చేరి 1934 వరకు పనిచేశాడు. కాలక్రమంలో మారే రాశులను పరిశీలించడానికి 1931లో ఆయన ఇచ్చిన సమీకరణాలను ఇప్పటికీ యూల్-వాకర్ సమీకరణాల పేరుతో గణాంక విద్యార్థులు చదువుతున్నారు. పిల్లనగ్రోవి వాయించడం ఆయనకు మొదటి నుంచి ప్రీతి. విశ్రాంతి రోజుల్లో ఆ పిల్లనగ్రోవి రంధ్రాలు ఎక్కడెక్కడ ఉంటే స్వరం బాగుంటుందో అనే లెక్కలో మునిగాడు. గణితం, గాలి, సంగీతం మూడూ ఆయనకు ఒకటే.

1958 నవంబరు 4వ తేదీన, తొంభై యేండ్ల వయస్సులో, ఇంగ్లండులోని కూల్స్‌డన్‌లో ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన తక్కెడను నమ్మేవారు తక్కువ. ఆయన పోయిన పదకొండేండ్లకు, 1969లో, యాకబ్ బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు అసలు కారణం విప్పాడు. పసిఫిక్‌లో మామూలుగా గాలులు వెచ్చని నీటిని పడమటికి తోస్తాయి. ఆ వెచ్చదనం మీద గాలి పైకి లేచి మేఘాలు కట్టి, తూర్పున దిగుతుంది. కొన్ని సంవత్సరాలలో గాలులు నీరసపడి వెచ్చని నీరు తూర్పుకు మళ్ళుతుంది. పెరూ దేశపు జాలరులు ఎల్‌నినో అన్నది దీన్నే. అప్పుడు గాలి లేచే చోటు కూడా తూర్పుకు జరుగుతుంది, మన వైపు గాలి దిగుతుంది, వాన తగ్గుతుంది. ఈ గాలి చక్రానికి బ్యెర్క్‌నెస్ వాకర్ ప్రసరణ అని పేరు పెట్టాడు. దానికి సముద్రశాస్త్రం కావలసి వచ్చింది. వాకర్ దగ్గర లేని ముక్క అదే.

మన మూడు ఊళ్ళ మాట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తులో, మైసూరు పీఠభూమి అంచున ఉన్నాయి. మనకు ముంగారు వానలూ రావాలి, ఆ తరువాత అక్టోబరు నుండి ఈశాన్య రుతుపవనాల తుపాను వానలూ రావాలి. ఎల్‌నినో ఏడు ముంగారు దెబ్బతినే అవకాశం ఎక్కువ. కాని దక్షిణాదిన ఈశాన్యపు వానలు అదే ఏడు పెరిగే అవకాశం ఎక్కువ! 2015 చూడండి. దేశంలో నైరుతి వానలు బాగా తగ్గాయి. నవంబరులో చెన్నైలోను, నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లోను కుంభవృష్టి కురిసింది. సంవత్సరం మొత్తం లెక్క కట్టి సగటు బాగుందంటే రైతు ఒప్పుకోడు. చెనిక్కాయ విత్తేటప్పుడు పదును లేక, ఊడలు దిగేటప్పుడు వాన లేక, కాయ పీకేటప్పుడు ముసురు పట్టి కుళ్ళిపోతే సగటు ఎవరికి కావాలి? పోనీ ఎల్‌నినో అయినా మాట మీద నిలబడుతుందా అంటే, 2002లో, 2009లో కరువు తెచ్చినది 1997లో అంత బలంగా వచ్చి కూడా దేశపు వానను ఏమీ చేయలేదు.

కనుక మన వానను మనమే చదువుకోవాలి, అందరమూ కలిసి. ఎన్ని ఏండ్లలో ఏ వారంలో పదును వాన పడిందో లెక్క తీయడం గణితంవారి పని. వేడి పెరిగితే గాలి ఎంత ఎక్కువ ఆవిరి పట్టి ఉంచుకుని ఒక్కసారిగా కుమ్మరిస్తుందో చెప్పడం ఫిజిక్సువారి పని. మూడడుగుల ఎత్తున్న పుంగనూరు ఆవు కాసింత మేతతో కరువును ఎలా తట్టుకుంటుందో చూడడం జువాలజీవారి పని. మదనపల్లె మార్కెట్టులో టమాటా ఒక నెల రోడ్డు మీద పారబోసే ధర, ఒక నెల పట్టపగ్గాలు లేని ధర పలకడంలో ఎండవానల పాలెంత, దళారుల పాలెంత అని తేల్చడం కామర్సు, ఎకనామిక్సువారి పని. చెరువుల పూడిక తీయించి, తూము, మరవ చక్కబెట్టే కట్టుబాట్లు పల్లెల్లో ఎప్పుడు, ఎందుకు సడలాయో రాయడం హిస్టరీవారి పని. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే రైతులు వానకు, పదునుకు, కార్తెలకు వాడే మాటలు సేకరిస్తే అది భాషవారి పని. ముంగారు అనే మాట మనదీ, కన్నడంవారిదీ కూడా. ముసలివాళ్ళు పోతే ఆ మాటలూ, వాటిలోని అనుభవమూ పోతాయి.

విద్యార్థి సంఘం వారికి నాదొక విన్నపం. క్రికెట్ కిట్టుకు, వార్షికోత్సవానికి ఖర్చు పెట్టే దానిలో కొంచెం తీసి, ఒక వర్షమాపకం కొని కాలేజీ ఆవరణలో పెట్టించండి. ఒక గట్టి అట్ట నోటుబుక్కు కూడా కావాలి. ప్రతి దినం ఉదయం ఎనిమిదిన్నరకు ఆ నాటి వాన, ఎండ రాయాలి. నెలకొక డిపార్టుమెంటువారు వంతు తీసుకోవాలి, బి.ఏ.వారు, బి.కాం.వారు సహా. నెలాఖరున ఒక గంట అందరూ ఒకే గదిలో కూర్చుని, ఆ నెల వాన గురించి ఎవరి శాస్త్రం నుండి వారు నాలుగు మాటలు చెప్పాలి. లెక్చరర్లు కూడా వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది. మూడు సంవత్సరాల్లో పెద్ద సత్యాలేవీ బయటపడవు. వాతావరణం లెక్కలకు ముప్పై ఏండ్లు కావాలంటారు. మనం వెళ్ళిపోతాం, మన తరువాత వచ్చేవాళ్ళు రాస్తారు. వాకర్ వాడిన లెక్కల్లో చాలా భాగం కూడా ఆయన పుట్టకముందో, పనిలో చేరకముందో ఎవరో ప్రొద్దున్నే లేచి కొలిచి రాసినవే. ఈ జూన్‌లో మొదటి వాన పడేలోగా నోటుబుక్కు తెరుస్తామని ఆశిస్తాను.